సరిహద్దు మదర్సాల నుంచి తెలుగులో దీనీ పాఠాలు: ఫోన్‌తో రికార్డు చేసి జనానికి అందించే పద్ధతి

తెలంగాణను ఆనుకున్న మహారాష్ట్రలోని దెగ్లూర్, బిలోలి, ధర్మాబాద్, కిన్వట్ వైపు నుంచి, అటు రాజురా, సిరోంచా వైపు నుంచి మదర్సాల వాళ్ళు పదే పదే అడిగేది ఒక్కటే: బయాన్లు (ధార్మిక ప్రసంగాలు) రికార్డు చేసి పెడుతున్నాం, వినేవాళ్ళు లేరు, ఎక్కడ తప్పుతోంది?

చాలాచోట్ల తప్పు కెమెరాలో లేదు. జల్సాలో (ధార్మిక సభలో) గంటన్నర సాగిన ఉర్దూ బయాన్‌ను ఉన్నదున్నట్టు ఎక్కిస్తున్నారు. బజారులో తెలుగు, బడిలో మరాఠీ, ఇంట్లో దక్కనీ మాట్లాడేవాడికి ఆ ఉర్దూ సగమే అందుతుంది. అతనికి కావాల్సింది ఒక ప్రశ్న, నాలుగు నిమిషాల్లో దానికి తెలుగులో జవాబు. ఈ మార్గదర్శి అంతా ఆ నాలుగు నిమిషాల పాఠం ఎలా తయారుచేయాలన్న దాని గురించే. ఒక ఫోను, ఒక మైకు, నలుగురు మనుషులు ఉన్న హాస్టల్ మదర్సాను దృష్టిలో పెట్టుకుని రాశాం.

1. ముందు మొహతమిమ్ సాబ్‌తో (మదర్సా అధిపతితో) తేల్చుకోవాల్సినవి

మొదటిది, బొమ్మ సంగతి. ప్రాణుల ఫొటో, వీడియో విషయంలో ఉలమాల (మత పండితుల) మధ్య భిన్నాభిప్రాయాలున్నాయి. మీ మదర్సా ఏ అభిప్రాయం మీద నడుస్తుందో ముందే కాగితం మీద రాసుకోండి. పది పాఠాలు పెట్టాక ఎవరో అభ్యంతరం చెబితే అన్నీ తీసేయాల్సి వస్తుంది.

దారులు మూడున్నాయి: ఉస్తాద్ ముఖం కనిపించే వీడియో, చేతులు, కితాబ్ మాత్రమే కనిపించే వీడియో, ఒట్టి ఆడియో. మా సలహా రెండోది. వుజూ (నీళ్ళతో శుద్ధి), తయమ్ముమ్ (మట్టితో శుద్ధి), కఫన్ (శవ వస్త్రం) కత్తిరింపు లాంటివి చూపించడానికి ముఖం అక్కర్లేదు, చేతులు స్పష్టంగా కనిపిస్తే చాలు. ఎవరి అభ్యంతరమూ రాదు, మాట్లాడేవాళ్ళకు బెరుకూ ఉండదు.

రెండోది, పిల్లలు. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023 ప్రకారం 18 ఏళ్ళ లోపు వాళ్ళంతా పిల్లలే, వాళ్ళ డేటా వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలి. చట్టం సంగతి అటుంచినా, అనాథ పిల్లలు అన్నం తింటున్న వీడియో పెట్టి కింద చందా నంబరు ఇవ్వడం మానేయాలి. పిల్లవాడి ఖిరాత్ (ఖుర్ఆన్ పఠనం) వినిపించాలనుకుంటే ఇంటివాళ్ళ దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. ముఖం, ఇంటిపేరు, ఊరు పెట్టకండి. సబక్ (పాఠం) అప్పజెప్పలేక ఏడుస్తున్న పిల్లవాణ్ణి సరదాకు కూడా తీయొద్దు.

మూడోది, మాట్లాడకూడని జాబితా. దీన్ని రాసి గోడకు అతికించండి:

☐ ఫలానా ఇంటి తలాఖ్, వారసత్వం, అప్పు తగాదా. ఒకేసారి మూడుసార్లు చెప్పే తలాఖ్ చెల్లదనీ, అది నేరమనీ 2019 నుంచి చట్టం ఉంది. వివరాలు వినకుండా ఆన్‌లైన్‌లో జవాబు చెప్పడం షరీఅత్ పరంగానూ ప్రమాదమే. వాళ్ళను దారుల్ ఇఫ్తాకు (ఫత్వా ఇచ్చే చోటికి) పంపండి.
☐ వేరే మస్లక్ (ముస్లింలలోని వేరే శాఖ) పేరెత్తి ఖండించడం.
☐ ఇతర మతాల దేవుళ్ళ, గ్రంథాల ప్రస్తావన. భారతీయ న్యాయ సంహితలోని 196 (వర్గాల మధ్య ద్వేషం రేపడం), 299 (మతభావాలను గాయపరచడం) సెక్షన్లు గుర్తుంచుకోవాలి.
☐ పార్టీలు, ఎన్నికలు.
☐ "ఈ దుఆ చదివితే షుగరు తగ్గుతుంది" తరహా హామీలు. 1954 నాటి మ్యాజిక్ రెమెడీస్ చట్టం దేశమంతటా ఉంది. దానికి తోడు మహారాష్ట్రలో 2013 నాటి చేతబడి నిరోధక చట్టమూ ఉంది. పాము, తేలు, కుక్క కాట్లకు వైద్యం అందకుండా ఆపి గండా దోరాలతో (మంత్రించిన తాళ్ళతో) సరిపెట్టడాన్ని అది నేరాల జాబితాలో చేర్చింది. తెలంగాణలో ఉన్నవాళ్ళు పెట్టారు కదా అని ఇక్కడ పెడితే కుదరదు.

నాలుగోది, మనుషులు. జవాబు రాసే ఉస్తాద్ ఒకరు. మస్అలా (ధార్మిక నియమం) సరిచూసే ముఫ్తీ లేదా సీనియర్ ఆలిమ్ ఒకరు, ఆయన మీ మదర్సాలోనే ఉండక్కర్లేదు. తెలుగు చూసే మనిషి ఒకరు. ఫోను పట్టుకునే 18 నిండిన విద్యార్థి ఒకరు. రాసినవారే సరిచూడటం కుదరదు, ఈ రెండు పనులూ ఎప్పుడూ ఒకరికే ఇవ్వకండి.

2. మాట తెలుగు, మరి అక్షరం?

సరిహద్దు జిల్లాల్లో చాలామంది పట్టించుకోని చిక్కు ఇది. మరాఠీ మీడియంలో చదివినవాళ్ళు తెలుగు ధారాళంగా మాట్లాడతారు, చదవలేరు. వాళ్ళకు తెలుగు లిపిలో పోస్టర్ చేసి పంపితే బొమ్మ చూసి పక్కకు జరుపుతారు.

అందుకే పాఠానికి ఆడియోనే ప్రాణం. అక్షరాలు తోడుకు మాత్రమే. శీర్షిక తెలుగులోనూ, దేవనాగరి లిపిలో మరాఠీలోనూ, రెండు వరుసల్లో ఇవ్వండి. అంతకంటే ఎక్కువ అక్షరాలు పెట్టకండి.

మాట ఎలా ఉండాలంటే, జుమా అయ్యాక మస్జిద్ మెట్ల దగ్గర ఒక పెద్దాయన అడిగితే ఉస్తాద్ ఎలా చెబుతారో అలా. నమాజ్‌ను ప్రార్థన అనీ, రోజాను ఉపవాసం అనీ మార్చక్కర్లేదు, ముస్లిమేతర ఇరుగుపొరుగుకు కూడా ఆ మాటలు తెలుసు. కానీ నిసాబ్, ఫిద్యా, ఖజా, మక్రూహ్ లాంటివి మొదటిసారి వచ్చినప్పుడు ఒక్క వాక్యంలో విడమరచాలి. "ఫలానా చీజ్ వాజిబ్ హోతీ హై" అన్న వాక్యానికి తెలుగు క్రియ తగిలించి వదిలేస్తే అది తెలుగు కాదు. తెలుగు చూసే మనిషి పట్టుకోవాల్సింది దీన్నే.

3. ప్రశ్నల రిజిస్టరు

ఏం చెప్పాలో మదర్సా కూర్చుని ఊహించకూడదు. 200 పేజీల రిజిస్టరు ఒకటి కొని నాలుగు గడులు గీయండి: ప్రశ్న, అడిగింది మగవారా ఆడవారా, ఊరు, పాఠం నంబరు. పేరు రాయొద్దు.

ప్రశ్నలు వచ్చే చోట్లు మూడు: జుమా తర్వాత మస్జిద్, పిల్లల్ని చూడటానికి వచ్చే తల్లిదండ్రులు, మదర్సా వాట్సాప్ నంబరు. ఆడవాళ్ళ ప్రశ్నలకు వేరే నంబరు ఉంటే మంచిది. దాన్ని ఆలిమా చదివిన ఆపా ఒకరు చూడాలి. హైజ్ (నెలసరి), నిఫాస్ (బాలింత స్రావం), గుస్ల్ (శుద్ధి స్నానం) ప్రశ్నలు మగ ఉస్తాద్ నంబరుకు రావు. రావడం లేదు కాబట్టి ఆ ప్రశ్నలే లేవని అనుకోవడం పెద్ద పొరపాటు.

నలభై ప్రశ్నలు పోగయ్యే వరకు ఒక్క పాఠం కూడా రికార్డు చేయకండి. ఆ నలభైలో పది దాదాపు ఒకే ప్రశ్నకు వేర్వేరు రూపాలుగా ఉంటాయి. వాటితోనే మొదలుపెట్టండి. సాధారణంగా పైకి వచ్చేవి ఇవి: జనాజా నమాజ్ చదివే తీరు, ప్లాస్టర్ కట్టు మీద మసహ్ (తడి చేత్తో తుడవడం), ప్రయాణంలో ఖస్ర్ (నమాజ్ కుదింపు), మిగిలిపోయిన రోజాల ఖజా (తర్వాత పూర్తిచేయడం), జకాత్ లెక్క, ఖుర్బానీ వాటాలు, అఖీఖా (బిడ్డ పుట్టినప్పటి ఖుర్బానీ).

4. ఏడాది క్యాలెండర్

మదర్సా సంవత్సరం షవ్వాల్‌లో (రంజాన్ తర్వాతి నెల) మొదలై షాబాన్‌లో (రంజాన్ ముందు నెల) ముగుస్తుంది. జనం వినేదేమో రంజాన్‌లో. అప్పుడు మదర్సా ఖాళీగా ఉంటుంది: హాఫిజ్‌లు తరావీహ్‌కు వేరే ఊళ్ళకు వెళ్తారు, ఉస్తాద్‌లు చందాకు తిరుగుతుంటారు. కాబట్టి రంజాన్ పాఠాలన్నీ రజబ్ నెలలో రాసి, షాబాన్ 15 లోపు రికార్డు ముగించి, ఫోన్‌లో తేదీల వారీగా అమర్చి పెట్టాలి. యూట్యూబ్‌లో తేదీ, సమయం ముందే నిర్ణయించే వీలుంది.

వారానికి రెండు పాఠాలు చాలు. రోజుకొకటి అని మొదలుపెట్టిన మదర్సాలు రెండో నెలకే ఆగిపోతాయి.

రంజాన్‌కు మాత్రం వరుస పాఠాలు బాగుంటాయి. ఇండోనేషియాలో పెసంత్రెన్ అనే ఇస్లామీ హాస్టల్ బడుల్లో ఆ నెలలో ఒక కితాబ్‌ను మొదలుపెట్టి నెల తిరిగేలోపు ముగించే ఆనవాయితీ ఉంది. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు చాలా బడులు అదే దర్స్‌ను లైవ్‌గా ఇచ్చాయి. చిన్న రిసాలా (పుస్తకం) ఒకటి తీసుకుని 20 భాగాలు చేస్తే మనకూ సరిపోతుంది. చివరి పది రోజులు ఖాళీగా వదలండి, జనం ఇబాదత్‌లో, ఫిత్రా పనుల్లో ఉంటారు.

5. స్క్రిప్టు రాయడం

అన్నిటికంటే ఎక్కువ సమయం దీనికే పెట్టండి.

తెలుగులో నింపాదిగా చదివితే నిమిషానికి 90 నుంచి 100 మాటలు పోతాయి. నాలుగు నిమిషాలంటే 400 మాటలకు మించకూడదు. పేజీని మూడు నిలువు గడులు చేయండి: ఎడమ గడిలో పలికే తెలుగు, మధ్యలో అరబీ, కుడి గడిలో ఆధారం.

పాఠం వరుస ఇలా ఉండాలి. మొదటి 15 సెకన్లలో పాఠం నంబరు, ప్రశ్న. తర్వాతి 30 సెకన్లలో సూటిగా జవాబు. ఆపైన ఆధారం, ఉదాహరణ, జనం చేసే పొరపాటు. చివరి 20 సెకన్లలో జవాబు మళ్ళీ ఒకసారి. హమ్దో సనా (దైవస్తుతి) రెండు వాక్యాలకు మించితే వినేవాడు వేలితో పైకి నెట్టేస్తాడు. సలాం చెప్పి, బిస్మిల్లాతో నేరుగా ప్రశ్నలోకి వెళ్ళండి.

ఆధారం గడిలో "హదీసులో ఉంది" అని రాస్తే చాలదు. ఆయత్ అయితే సూరా పేరు, ఆయత్ సంఖ్య. హదీసు అయితే గ్రంథం, అధ్యాయం, సంఖ్య. ముద్రణను బట్టి హదీసు సంఖ్యలు మారతాయి, సహీహ్ ముస్లింలో ఈ తేడా బాగా కనిపిస్తుంది. అందుకే ఏ ముద్రణో కూడా రాయండి. ఖుర్ఆన్ తెలుగు అర్థం చెప్పేటప్పుడు ఏ అనువాదం నుంచి తీసుకున్నారో స్క్రిప్టులో ఉండాలి.

సరిహద్దులో ప్రత్యేకంగా తప్పులు దొర్లే మూడు చోట్లు ఇవి.

తులం లెక్క. జకాత్ నిసాబ్ (జకాత్ తప్పనిసరి అయ్యే కనీస సంపద) ఏడున్నర తులాల బంగారం, యాభై రెండున్నర తులాల వెండి అని పాత కితాబుల్లో ఉంటుంది. ఆ తులం 11.664 గ్రాములు. నేటి సరాఫా బజారులో తులం అంటే 10 గ్రాములు. "ఏడున్నర తులాలు" అని ఊరుకుంటే వినేవాడు 75 గ్రాములు అనుకుంటాడు. అసలు లెక్క 87.48 గ్రాముల బంగారం, 612.36 గ్రాముల వెండి. ఎప్పుడూ గ్రాముల్లోనే చెప్పండి. రూపాయల్లో చెప్పాల్సి వస్తే ఆ రోజు తేదీ, వెండి రేటు పలకండి, లేకపోతే వచ్చే ఏడాది పాత పాఠం విని తప్పు లెక్క వేస్తారు.

సహ్రీ, ఇఫ్తార్ వేళలు. హైదరాబాద్ కార్డును ఫొటో తీసి పెట్టేయడం మామూలైపోయింది. రేఖాంశంలో ఒక డిగ్రీ తేడాకు సూర్యుడి వేళ నాలుగు నిమిషాలు మారుతుంది. నాందేడ్ హైదరాబాద్‌కు పడమరన డిగ్రీకి పైగా ఉంది, కాబట్టి అక్కడ మగ్రిబ్ సుమారు ఐదు నిమిషాలు ఆలస్యం. సిరోంచా తూర్పున ఒకటిన్నర డిగ్రీ ఉంది, అక్కడ సహ్రీ సుమారు ఆరు నిమిషాలు ముందే ముగుస్తుంది. అంటే హైదరాబాద్ కార్డు పట్టుకుంటే ఒకచోట వేళ కాకముందే ఇఫ్తార్, ఇంకోచోట వేళ దాటాక సహ్రీ. ముంబై కార్డుతో తేడా ఇంకా ఎక్కువ, నాందేడ్‌కు అది 17, 18 నిమిషాలు. మీ తాలూకా కేంద్రానికి విడిగా లెక్క కట్టించి, పైన ఊరి పేరు పెద్దగా వేయండి.

ఖుర్బానీ. పెద్ద జంతువులో ఏడు వాటాలు అన్న మస్అలా అంతటా ఒకటే, ఏ జంతువు అన్నది మాత్రం రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. మహారాష్ట్రలో 2015 నుంచి ఆవుతో పాటు ఎద్దు వధ కూడా నిషేధం. పక్క రాష్ట్రంలో తయారైన వీడియోను ఇక్కడ పంచితే వినేవాళ్ళను చిక్కుల్లో పడేసినట్టే. చంద్ర దర్శనం కూడా ఇలాంటిదే: మీ ప్రాంతం ఏ రూయతె హిలాల్ కమిటీ ప్రకటనను పాటిస్తుందో దాన్ని మాత్రమే పంచండి, ఊరికో ఈద్ కాకుండా.

6. సరిచూడటం

స్క్రిప్టు కింద మూడు సంతకాలు ఉండాలి: రాసినవారిది, మస్అలా చూసినవారిది, తెలుగు చూసినవారిది. మూడోది పడ్డాకే మైకు తీయాలి. రికార్డు చేశాక మొదటి ఇద్దరూ మళ్ళీ వినాలి, ఎందుకంటే చదివేటప్పుడు "కాదు" అన్న ఒక్క మాట జారిపోతే హుక్మే (ధార్మిక తీర్పే) తిరగబడుతుంది. సంతకాల కాగితాలు ఫైలు చేయండి. రేపు ఎవరైనా అభ్యంతరం చెబితే చూపించడానికి అదే దస్తావేజు.

పెట్టేశాక తప్పు బయటపడితే గుట్టుగా తీసేయొద్దు. పాత పాఠం తొలగించి, అదే నంబరుతో సవరించిన పాఠం పెట్టి, మొదటి వాక్యంలోనే ఏది సరిదిద్దామో చెప్పండి. ఇప్పటికే వాట్సాప్‌లో తిరుగుతున్న ఫైలు వెనక్కి రాదు కాబట్టి ఈ ప్రకటన తప్పనిసరి.

7. గది, శబ్దం

దృశ్యం మసకగా ఉన్నా జనం భరిస్తారు, మాట గింగురుమంటే పది సెకన్లలో వెళ్ళిపోతారు.

మస్జిద్ హాలులో రికార్డు చేయకండి. ఎత్తు కప్పు, నున్నటి గోడలు, పాలరాయి నేల, మూడూ కలిసి మాటను మోగిస్తాయి. పది అడుగులకు పన్నెండు అడుగుల గది ఒకటి చూసుకోండి. కింద జంపఖానా, ఉస్తాద్ వెనక గోడకు ఒక రజాయి, ఎదుట గోడకు ఒక రజాయి. హాస్టల్‌లో రజాయిలకు కరువు లేదు. చప్పట్లు కొట్టి చూడండి, ప్రతిధ్వని లేకుండా ఠక్కున ఆగితే గది సిద్ధం.

వేళ: ఫజ్ర్ తర్వాత సబక్, సాయంత్రం ఆటలు, ఇషా ముందు మళ్ళీ చదువు. మదర్సాలో నిజంగా నిశ్శబ్దంగా ఉండేది జుహ్ర్ (మధ్యాహ్న నమాజ్) తర్వాత ఖైలూలా (కునుకు) వేళ మాత్రమే. ఆ ముక్కాలు గంటను వాడుకోండి. ఎండాకాలం ఆ సమయంలో ఫ్యాన్ లేకుండా కూర్చోవడం కష్టమే. రికార్డుకు ముందు గదిని చల్లబరిచి, నాలుగు నిమిషాలు ఫ్యాన్ ఆపి, మళ్ళీ వేయండి.

కాలర్ మైకు వాడేటప్పుడు ముందు అడ్డొచ్చేది గడ్డం. పొడవాటి గడ్డం మైకుకు రాసుకుంటే గరగరమని వస్తుంది. మైకును గుండీల మధ్య కాకుండా కుర్తా భుజం వైపు, నోటికి జానెడు దూరంలో పెట్టండి. ఇంకా గరగర వస్తే మైకును చిన్న స్టాండుకు కట్టి, రిహాల్ (కితాబ్ పెట్టే పీట) పక్కన నోటి ఎత్తుకు తెచ్చి నిలబెట్టండి. భుజం మీది రుమాల్ తీసేయమనండి. చేతిలో తస్బీహ్ వద్దు.

రికార్డుకు ముందు:

☐ ఫోను ఫ్లైట్ మోడ్‌లో ఉందా
☐ ఛార్జర్ తీసేశారా (పెట్టి ఉంటే హమ్ వస్తుంది)
☐ పక్క గది ఇన్వర్టర్, ఫ్రిజ్ ఆపారా
☐ అజాన్‌కు కనీసం 20 నిమిషాలుందా
☐ మైకు నిజంగా ఫోన్‌కు తగిలిందా (చాలా ఫోన్లు మైకును గుర్తించకుండా సొంత మైకుతోనే రికార్డు చేసేస్తాయి, కాలర్ మైకును గోటితో తట్టి, విని చూడాలి)
☐ మాట మీటరు మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆడుతోందా. గొంతు పెంచినా మైనస్ 6 దాటకూడదు
☐ ఖాళీ గది శబ్దం పది సెకన్లు తీశారా (తర్వాత రొద తీసేయడానికి పనికొస్తుంది)

మాట తడబడితే రికార్డు ఆపకండి. ఒకసారి చప్పట్లు కొట్టి, ఆ వాక్యం మొదటి నుంచి చెప్పమనండి. ఎడిటింగ్‌లో శబ్ద రేఖ మీద చప్పట్లు నిటారుగా కనిపిస్తాయి, అక్కడ కోస్తే చాలు. ఒక్క జాగ్రత్త: ఆయత్ మధ్యలో ఎప్పుడూ కోయకూడదు. తడబడితే ఆయత్ మొత్తం మళ్ళీ చదవాలి, అతికించిన ఆయత్‌లో మద్ద్ (సాగదీత), వఖ్ఫ్ (ఆగే చోటు) చెడిపోతాయి.

8. దృశ్యం

దీనికి పెద్దగా ఏమీ అక్కర్లేదు. కిటికీ ఎదురుగా కూర్చోండి, కిటికీ వెనక ఉండకూడదు. ఫోను ముక్కాలి మీద, అడ్డంగా. చేతులు తీసేటప్పుడు పై నుంచి, 45 డిగ్రీల వాలులో. ట్యూబులైటు కింద తీస్తే చారలు కదులుతాయి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ప్రో మోడ్‌లో షట్టర్ 1/50 లేదా 1/100, ఫ్రేములు 25 పెడితే పోతాయి. వుజూ పాఠానికి నీళ్ళ కొళాయి వద్దు, ఆ చప్పుడు మాటను ముంచేస్తుంది. లోటా వాడండి, మాటను విడిగా రికార్డు చేసి కలపండి.

9. ఎడిటింగ్, అరబీ అక్షరాలు

క్యాప్‌కట్ మన దేశంలో 2020 నుంచి నిషేధంలో ఉంది. ఇన్‌షాట్, కైన్‌మాస్టర్ లాంటివి చాలు. ఆడియోకు కంప్యూటర్ ఉంటే ఆడాసిటీ ఉచితం. అందులో రొద తగ్గించి, లౌడ్‌నెస్ నార్మలైజేషన్‌లో మైనస్ 14 పెట్టండి, యూట్యూబ్ వాడే స్థాయి సుమారుగా అదే. రొద మరీ ఎక్కువగా తీసేస్తే గొంతు డబ్బాలోంచి వచ్చినట్టవుతుంది.

ఆయత్‌ను చేత్తో టైపు చేయొద్దు. సరిచూసిన యూనికోడ్ పాఠం ఇచ్చే తంజీల్ వెబ్‌సైటు లాంటి చోటి నుంచి తీసుకోండి. అలా తీసుకున్నా కొన్ని యాప్‌లలో అక్షరాలు విడిపోతాయి, ఎడమ నుంచి కుడికి తిరగబడతాయి, హరకత్‌లు (అచ్చు గుర్తులు) పక్కకు జరుగుతాయి. అప్పుడు ఆయత్‌ను బొమ్మగా మార్చి పెట్టడమే మేలు. పెట్టాక ఒక హాఫిజ్ సాబ్ ముస్హఫ్ (ఖుర్ఆన్ ప్రతి) పక్కన పెట్టుకుని తెర మీది ఆయత్‌ను అక్షరం అక్షరం చూడాలి.

తెలుగు లిపిలో దుఆ రాసి ఇవ్వమని చాలామంది అడుగుతారు. ఖాఫ్, కాఫ్, రెండు రకాల 'హా', ఐన్, హమ్జా అనే అరబీ అక్షరాల తేడాలు మన లిపిలో నిలవవు. ఇవ్వొద్దనడం లేదు, ఆడియో లేకుండా ఇవ్వొద్దంటున్నాం. దుఆను ఒకసారి ముక్కలుగా నెమ్మదిగా, ఒకసారి మామూలుగా చదివి వినిపించండి.

డీటీపీ షాపులో చేయించిన పాత కరపత్రాలు అను ఫాంట్లలో ఉంటాయి. వాటిని కాపీ చేసి వాట్సాప్‌లో వేస్తే చెత్త అక్షరాలు వస్తాయి, ముందు యూనికోడ్‌లోకి మార్చాలి.

వెనక నషీద్ (భక్తి గీతం), పేరున్న ఖారీల రికార్డింగ్ వాడొద్దు. సంగీతం లేకపోయినా ఆ రికార్డింగులకు హక్కుదారులున్నారు, యూట్యూబ్ తనంతట తానే పట్టుకుంటుంది. 90 రోజుల్లో మూడు కాపీరైట్ స్ట్రైకులు పడితే ఛానెల్ పోతుంది. మీ హాఫిజ్ సాబ్ గొంతు ఉండగా అరువు ఎందుకు?

10. ఎక్కడ పెట్టాలి

సిరోంచా వైపు నెట్ సంగతి తెలిసిందే. నాలుగు నిమిషాల వీడియో 60 ఎంబీ దాకా ఉంటుంది, అదే ఆడియోను 64 కేబీపీఎస్‌లో దింపితే 2 ఎంబీ లోపే. కాబట్టి ముందు వాట్సాప్‌లో ఆడియో, తర్వాత యూట్యూబ్‌లో వీడియో.

వాట్సాప్‌లో గ్రూపు కాకుండా ఛానెల్ పెట్టండి. గ్రూపులో ఆడవాళ్ళ నంబర్లు అందరికీ కనిపిస్తాయి, ఎవరో ఒకరు రాత్రి రెండింటికి రాజకీయం ఫార్వర్డ్ చేస్తారు. ఛానెల్‌లో అనుసరించేవాళ్ళ నంబర్లు ఒకరికొకరికి కనబడవు. పాత ఆడియోలు ఛానెల్‌లో ఎల్లకాలం ఉంటాయనుకోకండి, మూలం మీ దగ్గర ఉండాలి. ఆడియో ఫార్వర్డ్ అయ్యాక శీర్షిక ఊడిపోతుంది. అందుకే నంబరు, ప్రశ్న, మదర్సా ఉన్న ఊరు మూడూ మాటలోనే పలకాలి.

యూట్యూబ్‌లో ముందు ఫోను నంబరు ధ్రువీకరించండి, లేకపోతే 15 నిమిషాలు దాటిన వీడియో ఎక్కదు. మూడు నిమిషాల లోపు నిలువు వీడియో షార్ట్స్‌లోకి పోతుంది. నూరానీ ఖాయిదా (అరబీ అక్షరాలు నేర్పే తొలి పుస్తకం) పాఠాలు పిల్లల కోసమే అయితే అలాగే గుర్తు పెట్టాలి, దాంతో కామెంట్లు మూతపడతాయి. పెద్దల పాఠాలకు పొరపాటున ఆ గుర్తు పెట్టి కామెంట్లు రావడం లేదని వెతుక్కునేవాళ్ళున్నారు.

లైవ్ గురించి: ఫోను నుంచి లైవ్‌కు కనీసం 50 మంది సబ్‌స్క్రైబర్లు కావాలి. 16 ఏళ్ళ లోపు పిల్లలు సొంతంగా లైవ్ చేయకూడదని 2025లో నిబంధన వచ్చింది. జల్సా లైవ్‌కు మేము సుముఖం కాదు. వేదిక మీద ఎవరు ఏం మాట్లాడతారో మీ చేతిలో ఉండదు. రికార్డు చేసి, విని, మర్నాడు పెట్టండి. లౌడ్‌స్పీకర్‌కు రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు నిషేధం ఉంది, 10 దాటిన లైవ్ మీరే పెట్టిన సాక్ష్యం అవుతుంది. ఊళ్ళో ఏదైనా ఉద్రిక్తత ఉన్న రోజుల్లో సిద్ధంగా ఉన్న పాఠం కూడా ఆపండి.

11. కామెంట్లు

యూట్యూబ్‌లో కామెంట్లన్నీ పరిశీలనకు ఆపే అమరిక ఉంది, అది పెట్టండి. రోజుకు ఒకసారి, అస్ర్ తర్వాత, ఇద్దరు కలిసి చూడాలి. మస్అలా ప్రశ్న వస్తే రిజిస్టరులో ఎక్కించి "ఫలానా పాఠంలో చెబుతాం" అనండి, అక్కడికక్కడ జవాబు రాయొద్దు. మస్లక్ వాదనకు దిగినవారికి సలాంతో సరి. బెదిరింపు వస్తే తొలగించే ముందు తేదీ, ఖాతా పేరు కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి దాచండి. ముస్లిమేతర పొరుగువారు మర్యాదగా అడిగిన ప్రశ్నలకు ముందు వరుసలో చోటివ్వండి. సంత, బడి, బస్టాండు అంతా కలిసి బతికే ఊళ్ళలో అవే ఎక్కువ పంచుకుంటారు.

12. డబ్బు, ప్రకటనలు

మానిటైజేషన్ ఆన్ చేయలేదు కాబట్టి ప్రకటనలు రావనుకోవద్దు. ఛానెల్‌కు ఆదాయం లేకపోయినా యూట్యూబ్ తన ప్రకటనలు వేసుకోవచ్చు. జూదం యాప్, సినిమా ప్రకటన దర్స్ ముందు వస్తే జవాబు చెప్పాల్సింది మీరే. శుభ్రంగా వినాలనుకునేవారికి వాట్సాప్ ఆడియో ఉందని ప్రతి వీడియో కింద రాయండి.

చందా నంబరు వీడియోలో పెట్టే ముందు ఎఫ్‌సీఆర్ఏ, అంటే విదేశీ విరాళాల నియంత్రణ చట్టం 2010, గుర్తుంచుకోండి. గల్ఫ్‌లో పనిచేసే భారత పాస్‌పోర్టు వ్యక్తి తన సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే విదేశీ విరాళం కిందికి రాదు. విదేశీ పౌరసత్వం తీసుకున్నవారు పంపితే, ఓసీఐ (భారత సంతతికి చెందిన విదేశీ పౌరులకు ఇచ్చే) కార్డు ఉన్నా సరే, వస్తుంది. దానికి ముందే రిజిస్ట్రేషన్ ఉండాలి, దాని ఖాతా ఢిల్లీలోని నిర్ణీత స్టేట్ బ్యాంకు శాఖలో ఉండాలి. అది లేని మదర్సా వీడియోలో ఖాతా నంబరు వేయకపోవడమే క్షేమం. పాఠాన్నీ చందానూ వేరువేరుగా ఉంచితే వినేవాళ్ళ నమ్మకమూ నిలుస్తుంది.

13. వినేవాళ్ళు తగ్గితే ఎక్కడ చూడాలి

మొదటి 30 సెకన్లలోనే సగం మంది పోతున్నారా? ఆరంభం పొడవైంది, జవాబును ముందుకు తెండి. చివరిదాకా వింటున్నారు కానీ పంచడం లేదా? పాఠంలో రెండు ప్రశ్నలు కలిశాయేమో చూడండి, విడదీయండి. యూట్యూబ్‌లో అంకెలు బాగున్నాయి కానీ మస్జిద్‌లో ఎవరికీ తెలియదా? చూసేవాళ్ళు హైదరాబాద్, నిజామాబాద్ వాళ్ళయి ఉంటారు. మీ తాలూకా మస్జిద్‌ల నోటీసు బోర్డు మీద క్యూఆర్ కోడ్ అతికించి, జుమా తర్వాత ఐదుగురికి దగ్గరుండి చేర్పించండి. మీకు అసలు కొలమానం రిజిస్టరులో కొత్త ప్రశ్నలు వస్తున్నాయా లేదా అన్నదే.

14. తాళాలు ఎవరి దగ్గర

ఛానెళ్ళు మూతపడేది ఎక్కువగా ఇక్కడే. ఫరాగత్ పొంది (చదువు ముగించి) వెళ్ళిపోయిన విద్యార్థి సొంత జీమెయిల్‌తో ఛానెల్ తెరిచి ఉంటాడు, అతని ఫోను పోతుంది, ఛానెలూ పోతుంది.

☐ మదర్సా పేరిట కొత్త జీమెయిల్. మదర్సా దఫ్తర్‌లో ఉండే సిమ్
☐ ఆ సిమ్‌కు రీచార్జి గడువు నాజిమ్ సాబ్ డైరీలో (ఆగిపోతే కొన్నాళ్ళకు నంబరు ఇంకొకరికి వెళ్తుంది, వాట్సాప్ కూడా)
☐ ఛానెల్‌కు ఇద్దరు యజమానులు. మిగతావారికి ఎడిటర్ హక్కు మాత్రమే
☐ రెండంచెల ధ్రువీకరణ. బ్యాకప్ కోడ్లు కాగితం మీద, అల్మారాలో
☐ "కాపీరైట్ నోటీసు", "స్పాన్సర్ ఒప్పందం" అంటూ వచ్చే మెయిల్ అటాచ్‌మెంట్లు తెరవకూడదు
☐ ప్రతి పాఠం స్క్రిప్టు, ఆడియో, వీడియో నంబరుతో ఒకే ఫోల్డర్‌లో, రెండు హార్డ్ డిస్కుల్లో. రెండోది వేరే ఇంట్లో
☐ ఉస్తాద్ మారిన రోజే పాస్‌వర్డ్ మార్పు

షాబాన్‌లో లెక్కలు మూసే రోజున ఈ జాబితాను కూడా దఫ్తర్‌లో కూర్చుని ఒక్కొక్కటే టిక్కు పెట్టుకుంటూ చూడండి.